యేసు ప్రభువు సమాధి ఎక్కడ? యెరూషలేము వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

యెరూషలేము యాత్రకు పేరు ఇచ్చిన ప్రతి బృందంలోనూ ఇవే సందేహాలు వస్తాయి. ప్రార్థన కూటంలో అడుగుతారు, బస్సులో అడుగుతారు, తిరిగొచ్చాక ఫోన్ చేసి మళ్లీ అడుగుతారు. అప్పు చేసి వెళ్లేవాళ్లున్నారు, ప్రభుత్వం ఇచ్చే సాయంతో వెళ్లేవాళ్లున్నారు, జీవితంలో ఒక్కసారే వెళ్లేవాళ్లున్నారు. వాళ్లకు తొందర తొందరగా సగం జవాబు చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు. అందుకే కూర్చుని రాశాను. ఏ దశలో ఏ సందేహం వస్తుందో ఆ వరుసలో పెట్టాను. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టి చదవొచ్చు.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను ప్రొటెస్టెంట్ ఇంట్లో పెరిగాను. గార్డెన్ టూంబ్ బొమ్మ ఉన్న క్యాలెండర్ చూస్తూ పెరిగాను. ఆధారాలు చదివాక మాత్రం నా మనసు హోలీ సెపల్కర్ చర్చి వైపు మొగ్గింది.

## బయలుదేరే ముందు

ప్రభువు సమాధి ఒకటే కదా, రెండు చోట్ల ఎందుకు చూపిస్తారు?

రెండు వేర్వేరు నమ్మకాలు ఉన్నాయి కాబట్టి. మొదటిది పాత నగరం గోడల లోపల ఉన్న హోలీ సెపల్కర్ చర్చి, అంటే పవిత్ర సమాధి ఆలయం. క్రీ.శ. 4వ శతాబ్దం నుంచి ఆర్థడాక్స్, కాథలిక్, ఆర్మీనియన్ క్రైస్తవులు అక్కడే మొక్కుతున్నారు. రెండోది గోడల బయట, డమాస్కస్ గేటుకు ఉత్తరాన ఉన్న గార్డెన్ టూంబ్, తోట సమాధి. ఇది 19వ శతాబ్దంలో పేరుకొచ్చింది. దీన్ని ఇష్టపడేవాళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిస్తే పావుగంట దూరం. చాలా టూర్లలో రెండూ చూపిస్తారు.

బైబిల్లో సమాధి ఎక్కడుందో స్పష్టంగా రాయలేదా?

గుర్తులు రాశారు, అడ్రస్ రాయలేదు. యోహాను సువార్త 19వ అధ్యాయం ప్రకారం సిలువ వేసిన స్థలం పట్టణానికి దగ్గర. అక్కడ ఒక తోట ఉంది, ఆ తోటలో అంతవరకు ఎవరినీ ఉంచని కొత్త సమాధి ఉంది. అది అరిమతయియ యోసేపు తన కోసం రాతిలో తొలిపించుకున్నదని మత్తయి చెబుతాడు. యేసు గవిని (పట్టణ ద్వారం) వెలుపల శ్రమపడ్డారని హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయంలో ఉంది. దారిన పోయేవాళ్లు ఆయనను దూషించారు కాబట్టి పక్కనే బాట ఉండాలి. గొల్గొతా అంటే కపాల స్థలం. ఇంతే. తూర్పా, పడమరా, ఉత్తరమా అని ఏ సువార్తలోనూ లేదు.

ఈ గుర్తుల్లో "కొత్త సమాధి" అన్న మాటను చాలామంది గమనించకుండా దాటేస్తారు. ఆ సమాధి యేసు కాలానికి కొత్తగా తొలిచినదై ఉండాలి. అప్పటికే ఏడెనిమిది వందల ఏళ్ల పాతదైతే సువార్తతో కుదరదు.

"కల్వరి కొండ" అని పాడుకుంటాం కదా, అక్కడ కొండ ఏది?

నాలుగు సువార్తల్లో ఎక్కడా కొండ అన్న మాట లేదు. "స్థలము" అనే ఉంటుంది. కల్వరి అన్నది పుర్రె అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. కొండ అన్న ఊహ తర్వాత కాలంలో చేరింది. మన పాటల్లో, ప్రసంగాల్లో కల్వరి కొండ, కల్వరి గిరి అని స్థిరపడిపోయింది. అందుకే అక్కడికి వెళ్లి చర్చిలో కొన్ని మెట్లు ఎక్కగానే "ఇదేనా కల్వరి?" అని చాలామందికి నీరసం వస్తుంది. హోలీ సెపల్కర్‌లో మీరు చూసేది పాత రాతి క్వారీలో తవ్వకుండా వదిలేసిన ఒక రాతి దిమ్మ. పగుళ్లున్న నాసిరకం రాయి కావడంతో కట్టడాలకు పనికిరాదని వదిలేశారని చెబుతారు. గొప్ప కొండను ఊహించుకుని వెళ్లొద్దు.

ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్లు ఒక చోటికి వెళ్తారు, మా పాస్టర్‌గారు ఇంకో చోటికి తీసుకెళ్తారు. ఎందుకలా?

సంఘాల చరిత్రే దానికి కారణం. హోలీ సెపల్కర్‌లో ఆరు పురాతన సంఘాలకు హక్కులున్నాయి: గ్రీకు ఆర్థడాక్స్, రోమన్ కాథలిక్, ఆర్మీనియన్, కోప్టిక్, ఇథియోపియన్, సిరియన్ ఆర్థడాక్స్. ప్రొటెస్టెంట్లకు అక్కడ సెంటు జాగా లేదు. మన బాప్టిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ., పెంతెకొస్తు విశ్వాసులు ధూపం, దీపాలు, విగ్రహాలు, పటాల మధ్యకు వెళ్లి ఇబ్బంది పడతారు. గార్డెన్ టూంబ్‌లో చెట్లు, బెంచీలు, నిశ్శబ్దం. అక్కడ మన భాషలో పాడుకోవచ్చు, వాక్యం చదువుకోవచ్చు. పాస్టర్‌గారు అటు తీసుకెళ్లడం సహజమే. అయితే టూర్ ప్లాన్‌లో హోలీ సెపల్కర్ లేకపోతే చేర్చమని తప్పకుండా అడగండి. అంత దూరం వెళ్లి అది చూడకుండా వస్తే తర్వాత బాధపడతారు. బాధపడ్డవాళ్లను చూశాను.

యేసు పట్టణం బయట మరణించారు కదా, హోలీ సెపల్కర్ నడి ఊళ్లో ఉందేమిటి?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. 1738లో యెరూషలేము వెళ్లిన యోనాస్ కోర్టె అనే జర్మన్ పుస్తక వ్యాపారికి కూడా ఇదే అనుమానం వచ్చింది. వంద సంవత్సరాల తర్వాత, 1838లో వచ్చిన అమెరికన్ పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్ కూడా దీన్నే గట్టిగా పట్టుకున్నాడు.

జవాబు గోడల చరిత్రలో ఉంది. ఇవాళ మనం చూసే గోడలు యేసు కాలపువి కావు. వాటిని 16వ శతాబ్దంలో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ కట్టించాడు. యేసు మరణించిన నాటికి ఉత్తరం వైపు ఉన్నది యూదు చరిత్రకారుడు జోసీఫస్ చెప్పిన రెండో గోడ. ఆ తర్వాత పది పన్నెండేళ్లకు, క్రీ.శ. 41-44 మధ్య యూదయను ఏలిన హేరోదు అగ్రిప్ప మూడో గోడ మొదలుపెట్టాడు. దాంతో ఈ స్థలం పట్టణం లోపలికి వచ్చేసింది. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఊరి చివర ఉన్న సమాధుల తోటలు ఇప్పుడు ట్రాఫిక్ మధ్యలోకి వచ్చాయి కదా, అలాంటిదే.

రెండో గోడకు ఇది బయట ఉండేదని ఎలా తెలుసంటే, నేల చెప్పింది. 1960లలో చర్చి దక్షిణాన మురిస్తాన్ ప్రాంతంలో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త కాథ్లీన్ కెన్యన్ తవ్వినప్పుడు కింద పాత రాతి క్వారీ బయటపడింది. పక్కనే జర్మన్ లూథరన్ల రిడీమర్ చర్చి ఉంది. దాని పునాదుల దగ్గర 1893లో ఒక గోడ కనిపిస్తే రెండో గోడ దొరికిందని అప్పట్లో అనుకున్నారు. తర్వాతి తవ్వకాల్లో అది చాలా కాలం తర్వాత కట్టిన గోడ అని, దాని కింద ఉన్నది క్వారీయేనని తేలింది. హోలీ సెపల్కర్ నేల కింద కూడా అదే క్వారీ. వీటికి తోడు ఆ చర్చి లోపలే యూదుల రాతి సమాధులు ఉన్నాయి. యూదులు పట్టణం లోపల శవాలను పాతిపెట్టరు. కాబట్టి ఆ నేల అప్పుడు పట్టణానికి బయటే ఉండాలి.

మూడు వందల ఏళ్ల తర్వాత రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ మనుషులు ఆ చోటును ఎలా గుర్తుపట్టారు?

క్రీ.శ. 135 ప్రాంతంలో రోమా చక్రవర్తి హేడ్రియన్ యెరూషలేమును ఏలియా కాపిటోలినా అనే రోమా నగరంగా మార్చాడు. ఈ స్థలాన్ని మట్టితో పూడ్చి పైన వీనస్ దేవత గుడి కట్టించారని 4వ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. 325లో క్రైస్తవ బిషప్పుల నికయ సభ జరిగింది. ఆ రోజుల్లోనే యెరూషలేము బిషప్ మకారియస్ ఉండగా కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఆ గుడిని కూల్చి తవ్వమని ఆజ్ఞ ఇచ్చాడు. తవ్వితే కింద ఒక రాతి సమాధి బయటపడింది. అందరూ ఆశ్చర్యపోయారని యూసేబియస్ మాట. 335 సెప్టెంబరులో అక్కడ కట్టిన చర్చిని ప్రతిష్ఠించారు.

నన్ను ఒప్పించింది ఇక్కడ కాన్‌స్టాంటైన్ మనుషులు ఎంచుకున్న కష్టం. ఏదో ఒక చోటు చూపించి సరిపెట్టాలనుకుంటే గోడల బయట ఖాళీ జాగాలో ఏ పాత గుహనైనా చూపించవచ్చు. సువార్తకు అతికినట్టు సరిపోయేది, ఖర్చూ తగ్గేది. వాళ్లు నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద గుడిని కూల్చి, సువార్త మాటకు పైకి విరుద్ధంగా కనిపించే చోటే తవ్వారు. స్థానిక క్రైస్తవుల దగ్గర ఏదో గట్టి జ్ఞాపకం ఉండి ఉండాలి. 2వ శతాబ్దంలో సార్దీస్ బిషప్ మెలిటో ఒక పస్కా ప్రసంగంలో యేసును యెరూషలేము నడిమధ్య చంపారని అన్నాడు. సువార్త చదివినవాడు అలా అనడు. ఆ చోటు అప్పటికే పట్టణం లోపలికి వచ్చిందని తెలిసినవాడు అంటాడు. కొందరు పండితులు ఈ మాటను ఇలాగే అర్థం చేసుకుంటారు, నాకూ అదే సబబు అనిపిస్తుంది.

ఇందులో లోటు కూడా ఉంది. 4వ శతాబ్దానికి ముందు "సమాధి ఫలానా చోట ఉంది" అని నేరుగా చెప్పిన రాత ఏదీ మన చేతిలో లేదు.

హెలెనా రాణి దర్శనంలో చూసి కనిపెట్టిందంటారు, నిజమా?

కాన్‌స్టాంటైన్ తల్లి హెలెనా 326-328 ప్రాంతంలో పవిత్ర దేశానికి వచ్చిన మాట నిజం. ఆమె సిలువ మ్రానును కనిపెట్టిందన్న కథ ఆ శతాబ్దం చివర్లో వ్యాపించింది. ఆమె యాత్ర గురించి రాసిన యూసేబియస్ ఆ సంగతి ఎత్తనే లేదు. సమాధి గురించిన వాదన ఈ కథ మీద నిలబడలేదు.

## హోలీ సెపల్కర్ చర్చిలో

తలుపు దాటగానే అందరూ మోకరించి ముద్దు పెట్టుకునే ఎర్రటి రాయి, అదే సమాధా?

కాదు. సిలువ మీద నుంచి దించిన దేహానికి సుగంధ ద్రవ్యాలు పూసిన చోటుకు గుర్తుగా పెట్టిన రాయి అది. ఇప్పుడున్న పలక 1810లో వేసింది. మనవాళ్లు చాలామంది ఇదే సమాధి అనుకుని, ఫొటో దిగి, గుంపుతో పాటు బయటికి వచ్చేస్తారు. అలా చేయకండి. కుడివైపు మెట్లెక్కితే గొల్గొతా. ఎడమవైపు వెళ్తే పెద్ద గుమ్మటం, దాని కింద చిన్న మందిరం. సమాధి ఆ చిన్న మందిరంలో ఉంది.

రాతిలో తొలిచిన గుహ అన్నారు కదా, ఇక్కడ పాలరాతి గది ఉందేమిటి?

కొండను చెక్కేశారు కాబట్టి. కాన్‌స్టాంటైన్ శిల్పులు సమాధి చుట్టూ ఉన్న రాతిని తొలగించి, గుహను మాత్రం విడిగా నిలబెట్టి, దాని మీద చిన్న మందిరం కట్టారు. 1009లో ఈజిప్టును ఏలిన ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం ఆజ్ఞతో చర్చిని కూల్చి, సమాధి రాతిని కూడా పనిముట్లతో పగలగొట్టారు. 1048 నాటికి బైజాంటైన్ (తూర్పు రోమా) చక్రవర్తి కాన్‌స్టాంటైన్ మోనోమాకస్ కాలంలో మళ్లీ కట్టారు. క్రూసేడర్లు విస్తరించి 1149లో ప్రతిష్ఠించారు. 1808లో అగ్నిప్రమాదం జరిగింది. ఇప్పుడు మీరు చూసే చిన్న మందిరం 1809-10లో గ్రీకు శిల్పి కొమ్నెనోస్ కట్టింది. 1927 భూకంపంలో బీటలు వారితే 1947లో బ్రిటిష్ వాళ్లు ఇనుప దూలాలతో బిగించారు.

లోపల రెండు గదులు. మొదటిది దేవదూత గది. తల వంచి చిన్న ద్వారం దాటితే రెండోది. అందులో కుడివైపు పాలరాతి పలక కింద దేహాన్ని ఉంచిన రాతి అరుగు ఉంది. ఒకేసారి ముగ్గురో నలుగురో పడతారు. లోపల ఉండనిచ్చేది కొద్ది క్షణాలే. ప్రార్థన మాటలు క్యూలో ఉండగానే మనసులో సిద్ధం చేసుకోండి.

2016లో సమాధి తెరిచారట, లోపల ఏం దొరికింది?

ఏథెన్స్ జాతీయ సాంకేతిక విశ్వవిద్యాలయం నిపుణులు, ఆచార్య ఆంటోనియా మొరోపౌలూ నాయకత్వంలో ఆ చిన్న మందిరాన్ని మరమ్మతు చేశారు. 2016 అక్టోబరు 26న పై పాలరాతి పలకను జరిపారు. కింద మట్టి, రాళ్ల పూడిక. దాని కింద సిలువ గుర్తు చెక్కిన ఇంకో పలక, పగిలి ఉంది. దాని కింద సున్నపురాతి అరుగు. సుమారు 60 గంటలు పరిశీలించి మళ్లీ మూసేశారు. 2017 మార్చి 22న మరమ్మతు పూర్తయిన మందిరాన్ని తెరిచారు.

కింది పలకను రాతికి అంటించిన సున్నం క్రీ.శ. 345 ప్రాంతానిదని పరీక్షల్లో తేలింది. ఎన్ని కూల్చివేతలు జరిగినా కాన్‌స్టాంటైన్ కాలంలో పూజించిన రాయే ఇప్పటికీ అక్కడ ఉందని దీనితో తెలిసింది. అది యేసు సమాధే అని ఈ పరీక్ష చెప్పదు, చెప్పలేదు కూడా. "సైన్స్ నిరూపించింది" అని వచ్చే మెసేజ్‌లు ఈ తేడాను మింగేస్తాయి. శరీరం, ఎముకలు దొరికాయన్న మాట అబద్ధం.

యేసు కాలపు సమాధి ఒక్కటైనా పాలరాయి కప్పకుండా కంటితో చూడొచ్చా?

చూడొచ్చు, అదే చర్చిలో. చిన్న మందిరం వెనక్కి వెళ్లండి. పొగచూరిన గోడలతో సిరియన్ ఆర్థడాక్స్ వాళ్ల గది కనిపిస్తుంది. అందులో ఒక చిన్న ద్వారం. వంగి లోపలికి దూరితే రాతి గోడలోకి పొడుగ్గా తొలిచిన గూళ్లు ఉంటాయి, ఒక్కో దానిలో ఒక్కో శవం పట్టేలా. అచ్చం 1వ శతాబ్దపు యూదుల సమాధి. దీన్ని అరిమతయియ యోసేపు కుటుంబ సమాధి అని పిలుస్తారు. ఆ పేరుకు రుజువు లేదు, సమాధి మాత్రం అసలైనది. గైడ్లు చాలామంది ఇటు తీసుకురారు. చీకటిగా ఉంటుంది, ఫోన్ లైటు వేసుకోండి. ఆ గూళ్ల ముందు నిలబడినప్పుడే నాకు సువార్త మాటలు రాళ్ల రూపంలో కనిపించాయి.

యోహాను "తోట" అన్నాడు, ఇక్కడ తోట ఆనవాలు ఏమైనా ఉందా?

ఉంది. క్వారీ పని క్రీ.పూ. 1వ శతాబ్దానికి ఆగిపోయాక ఆ గుంతల్లో మట్టి పోసి సాగు చేశారు. 2022 నుంచి చర్చి నేల పలకలు ఎత్తి రోమ్‌లోని సపియెంజా విశ్వవిద్యాలయం వాళ్లు తవ్వుతున్నారు. ఒలీవ చెట్ల, ద్రాక్ష తీగల ఆనవాళ్లు అందులో కనిపించినట్టు 2025లో తెలిపారు. తోట అంటే పూలతోట అనుకోవద్దు. సువార్తలోని గ్రీకు మాట సాగుచేసే దొడ్డికి సరిపోతుంది. మగ్దలేనే మరియ ఆయనను చూసి తోటమాలి అనుకున్నదంటే అక్కడ పని చేసే మనిషి ఒకడు ఉండేవాడన్నమాట. మన క్రైస్తవులు శ్మశానాన్ని "సమాధుల తోట" అనడం విన్నప్పుడల్లా నాకు ఆ వచనమే గుర్తొస్తుంది.

చర్చి తాళం ముస్లింల దగ్గర ఉంటుందట, నిజమా?

నిజమే. జూదె కుటుంబం తాళంచెవి కాపాడుతుంది, నుసైబె కుటుంబం తలుపు తెరిచి మూస్తుంది. 1187లో ముస్లిం సుల్తాన్ సలాహుద్దీన్ యెరూషలేమును గెలిచినప్పటి నుంచి ఈ బాధ్యత వస్తున్నదని వాళ్లు చెబుతారు. లోపల ఏ సంఘానికి ఏ మూల, ఏ వేళ అన్నది 1852లో ఒట్టోమన్ ప్రభుత్వం ఖాయం చేసిన "స్టేటస్ కో" (ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్న ఏర్పాటు) ప్రకారం నడుస్తుంది. ముఖద్వారం పైన కిటికీ దగ్గర ఒక చెక్క నిచ్చెన ఉంటుంది. ఎవరూ తీయకూడదు కాబట్టి 18వ శతాబ్దం నుంచి అక్కడే ఉంది. 2008 నవంబరులో గ్రీకు, ఆర్మీనియన్ సన్యాసులు లోపలే కొట్టుకున్నారు. ప్రభువు సమాధి దగ్గర అలా జరగడం నాకు ఇప్పటికీ బాధే.

అక్కడ తోపులాట, పొగ. నాకు ఏమీ అనిపించలేదు. నా విశ్వాసంలో లోపమా?

కాదండీ. రెండు గంటలు క్యూలో నిలబడి, కాళ్లు లాగుతూ, వెనక నుంచి ఎవరో తోస్తుంటే ఎవరికైనా అంతే. వీలైతే తెల్లవారుజామున మళ్లీ వెళ్లండి. ఆ వేళ ఖాళీగా ఉంటుంది.

## గార్డెన్ టూంబ్‌లో

ఈ చోటును ఎవరు కనిపెట్టారు?

1842లో ఒట్టో థేనియస్ అనే జర్మన్ పండితుడు డమాస్కస్ గేటు ఉత్తరాన ఉన్న గుట్టే గొల్గొతా కావచ్చన్నాడు. 1867లో ఆ గుట్ట పక్కన స్థలం యజమాని తవ్విస్తుంటే ఒక రాతి సమాధి బయటపడింది. ఈ అభిప్రాయానికి లోకమంతా పేరు తెచ్చింది బ్రిటిష్ జనరల్ ఛార్లెస్ గోర్డన్. 1883లో యెరూషలేములో ఉన్నప్పుడు ఆ గుట్టలో ఆయనకు పుర్రె ఆకారం కనిపించింది. బలిపశువును బలిపీఠానికి ఉత్తరాన వధించాలన్న లేవీయకాండం మాటను కూడా ఆయన దీనికి జోడించాడు. రెండేళ్లకే ఖార్టూమ్‌లో చనిపోయి బ్రిటన్‌లో వీరుడయ్యాడు, ఆయన మాటకు బరువు పెరిగింది. 1894లో ఇంగ్లండ్‌లో ఏర్పడిన గార్డెన్ టూంబ్ అసోసియేషన్ ఆ స్థలం కొని ఇప్పటికీ చూసుకుంటోంది.

గుట్ట నిజంగానే పుర్రెలా ఉంది కదా! ఇంకేం రుజువు కావాలి?

పాత ఫొటోల్లో రెండు కంటి గుంతలు, ముక్కు స్పష్టంగా కనిపిస్తాయి. ఇప్పుడు కింద బస్టాండు ఉంది, 2015లో ముక్కు భాగం కొంత రాలిపోయింది. ఆ గుట్ట ముఖం క్వారీ తవ్వకాల వల్ల, వానకు గాలికి అరగడం వల్ల ఏర్పడింది. నూట యాభై ఏళ్లలోనే ఇంత మారిన రాయి రెండు వేల ఏళ్ల కిందట ఇదే ముఖంతో ఉందని చెప్పడం కష్టం. పైగా కపాల స్థలం అన్న పేరు ఆకారాన్ని బట్టే వచ్చిందని సువార్తలు చెప్పలేదు.

తోట ఉంది, నీళ్ల తొట్టి ఉంది, ద్రాక్షగానుగ ఉంది. పురావస్తు శాస్త్రవేత్తలు ఎందుకు ఒప్పుకోరు?

సమాధి వయసు వల్ల. ఇజ్రాయెల్ పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ దీన్ని పరిశీలించి, క్రీ.పూ. 8-7 శతాబ్దాల నాటిదని తేల్చాడు. అంటే యెషయా, యిర్మీయా ప్రవక్తల కాలం. రెండు గదులు పక్కపక్కన ఉండే ఈ పద్ధతి ఆనాటిది. యేసు కాలపు సమాధుల్లో గది వెనక గది ఉంటుంది, గోడల్లో గూళ్లు ఉంటాయి, రాతి మీద దువ్వెనలాంటి ఉలి గీతలు ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు. ప్రహరీ అవతల డొమినికన్ సన్యాసుల సెయింట్ స్టీఫెన్ ఆవరణలో ఇదే కాలపు సమాధులు ఉన్నాయి, ఇది ఆ శ్మశానంలో భాగమే. బైజాంటైన్ కాలంలో లోపలి అరుగులను తొట్లలా చెక్కి మళ్లీ వాడుకున్నారు. నీళ్ల తొట్టి కూడా యేసు కాలం తర్వాతదేనని బర్కాయ్ అభిప్రాయం.

సువార్త "కొత్త సమాధి" అంటుంది. ఇది అప్పటికే ఏడు శతాబ్దాల పాతది. నాకు ఎంతో ఇష్టమైన చోటు గురించి ఇది రాయడం తేలిక కాలేదు.

సమాధి ముందు గాడి ఉంది. రాయి దొర్లించింది అందులోనే కదా?

గైడు చూపించగానే అందరికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ గాడి మధ్యయుగంలో పశువులకు నీళ్లు పెట్టడానికి చేసిన తొట్టి అని పురావస్తు శాస్త్రవేత్తలు చెబుతారు. బండి చక్రంలాంటి గుండ్రటి రాయి ఆ కాలంలో చాలా అరుదు. యెరూషలేము చుట్టుపక్కల పరిశీలించిన 900కు పైగా రెండో ఆలయ కాలపు (యేసు కాలం కూడా ఇందులోదే) సమాధుల్లో నాలుగింటికే అలాంటిది ఉందని ఇజ్రాయెల్ పురావస్తు శాస్త్రవేత్త అమోస్ క్లోనర్ లెక్క తేల్చాడు. మిగతావాటికి సీసాకు బిరడాలా బిగించే చదరపు రాయి ఉండేది.

మేం అక్కడ ప్రభు బల్ల తీసుకున్నాం, కన్నీళ్లు పెట్టుకున్నాం. అదంతా తప్పు చోటా?

ప్రభు బల్లకు స్థల నియమం లేదు, మన పల్లెలోని రేకుల చర్చిలోనూ అది ప్రభు బల్లే. అక్కడి నిర్వాహకులు కూడా ఇదే అసలు సమాధి అని పట్టుబట్టరు. తలుపు మీద రాసి ఉన్న "ఆయన ఇక్కడ లేడు, లేచియున్నాడు" అన్న మాట చూపిస్తారు. 1వ శతాబ్దపు సమాధి పరిసరం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి హోలీ సెపల్కర్ కంటే ఈ తోటే ఎక్కువ సాయం చేస్తుంది. మా బృందం అక్కడ తెలుగులో పునరుత్థాన పాట అందుకుంటే పక్కన ఇంకో దేశం వాళ్లు వాళ్ల భాషలో గొంతు కలిపారు. ఆ ఉదయాన్ని నేను మర్చిపోలేను.

## ఇంటికి వచ్చాక

యేసు ఎముకల పెట్టె దొరికిందని వీడియో వచ్చింది. టెన్షన్‌గా ఉంది, నిజమా?

1980లో యెరూషలేము దక్షిణాన తల్పియోట్‌లో ఇళ్లు కడుతుంటే ఒక సమాధి బయటపడింది. అందులో పది ఎముకల పెట్టెలు. ఆరింటి మీద పేర్లున్నాయి, ఒకదాని మీద "యోసేపు కుమారుడు యేసు" అన్నట్టు చదివారు. 2007లో సినిమావాళ్లు సిమ్కా జాకోబోవిచీ, జేమ్స్ కామెరాన్ దీని మీద డాక్యుమెంటరీ తీసి ప్రపంచమంతా గోల చేశారు. యేసు, యోసేపు, మరియ ఆ రోజుల్లో వీధికొకరు ఉండే పేర్లు. ప్రతి నలుగురైదుగురు స్త్రీలలో ఒకరి పేరు మరియ. "యోసేపు కుమారుడు యేసు" అని రాసిన ఇంకో పెట్టె గురించి 1931లోనే ప్రకటించారు. తల్పియోట్ తవ్వకం వివరాలు ప్రచురించిన క్లోనర్ సహా పండితుల్లో అత్యధికులు ఈ వాదనను తోసిపుచ్చారు.

కాశ్మీర్‌లో యేసు సమాధి ఉందంటారు కదా?

శ్రీనగర్ ఖన్యార్ వీధిలో రోజా బల్ అనే దర్గా ఉంది. అందులో యూజ్ ఆసఫ్ అనే పుణ్యపురుషుడి సమాధి ఉందని స్థానికుల నమ్మకం. యేసు సిలువ మీద చనిపోలేదని, కాశ్మీర్ వచ్చి 120 ఏళ్లు బతికి అక్కడే సమాధి అయ్యాడని 19వ శతాబ్దం చివర అహ్మదీయ ఉద్యమ స్థాపకుడు మీర్జా గులాం అహ్మద్ ప్రకటించాడు. మిగతా ముస్లింలు దీన్ని ఒప్పుకోరు, క్రైస్తవులూ ఒప్పుకోరు.

ఆ పేరు వెనక వేరే కథ ఉంది. బోధిసత్వుడు అన్న మాటే పర్షియన్, అరబిక్ భాషల్లో బూదాసఫ్ అయింది, అరబిక్ అక్షరాల చుక్కలు మారి యూదాసఫ్ అయింది, అదే యూజ్ ఆసఫ్. అరబిక్‌లోకి వెళ్లిన బుద్ధుడి కథలో ఆ రాజకుమారుడు చివరికి కాశ్మీర్ చేరి మరణిస్తాడు. పేరు బుద్ధుడి కథది, ఊరు కూడా ఆ కథలోదే. దర్గాను గౌరవించండి, యేసు సమాధి అని ఫార్వర్డ్ చేయకండి.

జపాన్‌లో కూడా ఉందట?

అఒమోరి ప్రాంతంలోని షింగో గ్రామంలో "క్రీస్తు సమాధి" అని మట్టి దిబ్బ, సిలువ ఉన్నాయి. 1935లో తాకెఉచి అనే ఆయన తన ఇంటి పురాతన పత్రాలంటూ చెప్పిన దాని మీద పుట్టిన నమ్మకం ఇది. సిలువ ఎక్కింది యేసు కాదు, ఆయన తమ్ముడని ఆ కథ. దీన్ని బలపరిచే ఆధారం ఏదీ లేదు.

అయితే హోలీ సెపల్కరే అని నూటికి నూరు శాతం చెప్పొచ్చా?

చెప్పలేం. అక్కడ పేరు రాసిన రాయి లేదు. ఆ నేల యేసు కాలంలో పట్టణం బయట ఉంది, సాగునేల, యూదుల సమాధులున్నాయి. ఈ మూడూ తవ్వకాల్లో తేలిన విషయాలు. 4వ శతాబ్దం నుంచి ఆరాధన తెగలేదు, ఇది చరిత్ర. మధ్యలో మూడు శతాబ్దాలు స్థానికుల జ్ఞాపకం మీద నమ్మకం పెట్టాలి. నేను పెడతాను. దీనితో సమానంగా నిలబడే ఆధారాలున్న చోటు ఇంకొకటి లేదు.

మా అమ్మ నడవలేక యాత్రకు రాలేదు. ఆమెకు ఏ ఫొటో చూపించాలి?

అన్నీ చూపించండి. పాలరాతి మందిరం చూసి ఆమె "ఇదేంటి, రాజుల మేడలా ఉంది" అంటుంది. అప్పుడు సిరియన్ గదిలోని రాతి గూళ్ల ఫొటో చూపించి, ఇలాంటి దానిలోనే ఉంచారమ్మా అని చెప్పండి. తర్వాత గార్డెన్ టూంబ్‌లో పాడిన వీడియో వినిపించండి. మట్టి, రాళ్లు తెమ్మని అడిగి ఉంటే అక్కడి నుంచి ఏమీ పెరికి తేవద్దు. చర్చి ముందు వీధుల్లో కొవ్వొత్తుల కట్టలు అమ్ముతారు, కొని ఆ సమాధి దగ్గర వెలిగించి, ఆర్పి తెచ్చుకోవచ్చు. ఈస్టరు తెల్లవారుజామున మీ ఊరి సమాధుల తోటకు వెళ్లినప్పుడు నాన్నగారి సమాధి మీద అమ్మ చేత అది వెలిగించండి.